మాటల్లేని పరామర్శ

ఈ ఆల్బం మీద రాద్దామని 2020 నుంచీ అనుకుంటున్నాను. నోట్‌బుక్కులో రెండు పేజీల నోట్సు కూడా ఉంది. పైన "బిల్ ఫ్రిజెల్ ట్రియో, 'వాలెంటైన్', బ్లూ నోట్, 2020 ఆగస్టు 14" అని హెడ్డింగు. కింద పదమూడు పాటల పేర్లు, ఒక్కోదాని పక్కన ఒకటీ రెండు ముక్కలు. 'లెవీస్' అనే పాట పక్కన "ఎంత అందంగా ఉందో!" అని రాసుకుని, కింద రెండు గీతలు గీశాను.

ఆ రెండు గీతల గురించే ఇప్పుడీ వ్యాసం.

అప్పుడు నేను హైదరాబాద్‌లో, మియాపూర్‌లో, మూడంతస్తుల మేడ మీద ఒంటరి గదిలో ఉండేవాణ్ణి. లాక్‌డౌన్ రోజులు. రూమ్మేటు ఊరెళ్ళిపోయాడు. పొద్దుణ్ణించి రాత్రిదాకా లాప్‌టాప్‌లో నుంచి వచ్చే గొంతులు తప్ప మనిషి గొంతు వినపడేది కాదు. జాజ్ అంటే నాకు అప్పటికి ఒకరకమైన భయం ఉండేది, చిన్నప్పుడు లెక్కల మాస్టారంటే ఉండేలాంటిది. మనకి అర్థం కాదని వాళ్ళకి ముందే తెలుసు, ఆ సంగతి మనకీ తెలుసు. ఒక ఫ్రెండు లింకు పంపాడు. "ఇది జాజో కాదో నాకు తెలీదు, పడుకునే ముందు విను" అని మెసేజ్.

మొదటి పాట పేరు 'బాబా ద్రామే'. మాలి దేశపు గిటారిస్టు, గాయకుడు బూబకార్ త్రావొరే పాట అది. గిటారు ఒక చిన్న పలుకు పలికి ఆగింది. బేస్ దాన్ని అందుకుంది. డ్రమ్స్ అసలు మొదలయ్యాయా లేదా అన్నట్టు పక్కనుంచి వచ్చి కలిశాయి. నేను దుప్పటి కప్పుకుని కళ్ళు మూసుకున్నాను. లెక్కల మాస్టారెవరూ రాలేదు.

తర్వాత వెతికి తెలుసుకున్నవి కొన్ని చెప్తాను. ఫ్రిజెల్ 1951లో బాల్టిమోర్‌లో పుట్టి, కొలరాడోలోని డెన్వర్‌లో పెరిగాడు. స్కూల్లో క్లారినెట్ వాయించాడు. గిటారు దగ్గర అతనికి ముఖ్యమైన గురువు జిమ్ హాల్, తక్కువ స్వరాలతో ఎక్కువ చెప్పడంలో పేరుపడ్డ మనిషి. ఫ్రిజెల్ జాజ్ వాయిస్తూనే 1997లో 'నాష్‌విల్' అని బ్లూగ్రాస్ వాద్యకారులతో ఒక ఆల్బం చేశాడు. అప్పట్నుంచీ "ఇది జాజా, కంట్రీయా, ఫోకా" అనే ప్రశ్న అతని వెంట పడుతూనే ఉంది. అతనేమో జవాబు చెప్పకుండా తన టెలికాస్టర్ గిటారు మెడని మెల్లగా వంచి ఇంకో స్వరాన్ని వణికిస్తుంటాడు. మెడ వంచడమంటే నిజంగానే చెక్కని వంచడం. మన చెవికి అది గమకంలా ఉంటుంది. ఒక స్వరం పక్క స్వరం దాకా వెళ్ళి, గుమ్మం దగ్గరే ఆగి, వెనక్కి వచ్చేస్తుంది.

'వాలెంటైన్'లో అతనితో ఉన్నది ఇద్దరు. బేస్ మీద థామస్ మోర్గన్, డ్రమ్స్ మీద రూడీ రాయ్‌స్టన్. మోర్గన్‌తో కలిసి ఫ్రిజెల్ అప్పటికే రెండు డ్యుయెట్ ఆల్బంలు చేశాడు. రెండూ న్యూయార్క్‌లో విలేజ్ వాన్‌గార్డ్ అనే చిన్న క్లబ్బులో, జనం మధ్య వాయించినవి. రాయ్‌స్టన్‌ది కూడా ఫ్రిజెల్ పెరిగిన డెన్వరే. ఇక పాటల జాబితా చూస్తే అది ఒక మనిషి ఇంట్లో అల్మారా తెరిచినట్టుంటుంది. మాలి నుంచి ఒక పాట, బిల్లీ స్ట్రేహార్న్ రాసిన జాజ్ పాట ఒకటి, బర్ట్ బాకరాక్ కట్టిన అరవైల నాటి పాప్ పాట ఒకటి, ఫ్రిజెల్ సొంత పాటలు, చివర్లో అమెరికా పౌరహక్కుల ఉద్యమపు పాట. మధ్యలో 'వాగన్ వీల్స్' అని ఒక పాత కౌబాయ్ పాట.

ఈ కౌబాయ్ పాట ఊరికే రాలేదు. 1957లో సాక్సఫోన్ వాద్యకారుడు సానీ రోలిన్స్ 'వే అవుట్ వెస్ట్' అనే ఆల్బంలో దాన్ని వాయించాడు. అదీ ట్రియోనే. సాక్సఫోన్, బేస్, డ్రమ్స్ అంతే, పియానో లేదు. అట్ట మీద ఫొటోలో రోలిన్స్ ఎడారిలో కౌబాయ్ టోపీ పెట్టుకుని, నడుముకి తుపాకీ బెల్టు కట్టుకుని, సాక్సఫోన్ పట్టుకుని నిలబడతాడు. హాలీవుడ్ సినిమాల్లో నల్లవాళ్ళకి దొరకని ఆ టోపీని ఒక నల్లజాతి కళాకారుడు తీసుకుని నెత్తిన పెట్టుకున్నాడు. సరదాగానూ ఉంటుంది, చురుక్కుమనీ ఉంటుంది. ఫ్రిజెల్ ఆ పాట ఎత్తుకున్నాడంటే పాటతో పాటు ఆ టోపీనీ ఎత్తుకున్నట్టే. జానపదం, బ్లూస్ అని మనం విడివిడిగా పేర్లు పెట్టుకున్నవన్నీ అమెరికాలో ఒకే మట్టిరోడ్డు మీద ఎదురుపడ్డవి. ఎవరు ఎవరి దగ్గర ఏం తీసుకున్నారన్న లెక్క మాత్రం సరిగ్గా తేలదు.

ట్రియో గురించి కూడా ఒక మాట. మా అమ్మమ్మ ఇంట్లో ముక్కాలి పీట ఒకటుండేది. నేల ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా అది కదిలేది కాదు. నాలుగు కాళ్ళవాటికే ఆ బాధ, కింద కాగితం మడిచి పెట్టాలి. ముగ్గురు వాయించేటప్పుడు అలాంటిదేదో జరుగుతుంది. దాక్కోవడానికి చోటుండదు, ఒకరు ఆగిపోతే మిగతా ఇద్దరికీ వెంటనే తెలుస్తుంది. ఫ్రిజెల్ ఈ పాఠాన్ని చాలాకాలం చదువుకున్నాడు. డ్రమ్మర్ పాల్ మోషన్, సాక్సఫోన్ వాద్యకారుడు జో లొవానోలతో అతని ట్రియో ఎనభైల నుంచి, మోషన్ 2011లో చనిపోయేదాకా నడిచింది. అందులో బేసే లేదు. ఒక కాలు లేకుండా ముక్కాలి పీట మీద కూర్చోవడం ఎలాగో అక్కడ నేర్చుకున్నట్టున్నాడు. అందుకేనేమో, 'వాలెంటైన్'లో బేస్ ఉన్నా ఎవరూ దాని మీద బరువంతా వెయ్యరు. మోర్గన్ రెండు స్వరాలు వేసి ఊరుకుంటే, ఆ ఊరుకోవడాన్ని పూడ్చడానికి ఎవరూ పరిగెత్తరు.

ఇదంతా నోట్సులో ఉంది. 2020లోనే రాసి పంపించేస్తే ఈ వ్యాసం ఇక్కడితో అయిపోయేది.

ఇప్పుడు 'లెవీస్' సంగతికి వస్తాను. లెవీ అంటే నది పొంగకుండా పక్కన పోసే మట్టికట్ట. మన కరకట్ట. ఆ పేరు అమెరికాలో వినగానే 1927 గుర్తొస్తుంది. 1926 చివర్నుంచి వానలు ఆగకుండా పడి మిసిసిపి నది నిండిపోయింది. 1927 ఏప్రిల్ 21న మిసిసిపి రాష్ట్రంలో మౌండ్స్ లాండింగ్ అనే చోట కట్టకి గండి పడింది. మొత్తమ్మీద ఆ వరదలో సుమారు 27,000 చదరపు మైళ్ళు మునిగాయి. ఆరు లక్షలమందికి పైగా ఇళ్ళు వదిలారు. డెల్టాలో అలా వదిలినవాళ్ళలో ఎక్కువమంది నల్లవాళ్ళు, పత్తి చేలల్లో పాలికి చేసుకునేవాళ్ళు. గ్రీన్‌విల్ అనే ఊళ్ళో వేలమంది నల్లవాళ్ళు ఆ కట్ట మీదే, డేరాల్లో, వారాల తరబడి ఉండిపోయారు. తీసుకెళ్ళడానికి పడవలు లేక కాదు. వీళ్ళు ఒకసారి వెళ్ళిపోతే మళ్ళీ రారని, చేలల్లో పనివాళ్ళుండరని భూస్వాములు వెళ్ళనివ్వలేదు. తుపాకులు పట్టుకుని కాపలా కాశారు. కట్ట మీద పని కూడా వాళ్ళ చేతే చేయించారు.

ఆ వరదలోంచి పాటలు పుట్టాయి. చార్లీ ప్యాటన్ 1929లో 'హై వాటర్ ఎవ్రీవేర్' అని రికార్డుకి రెండు వైపులా పాడాడు. ఆ గొంతు పాటగాడి గొంతులా ఉండదు, మెడలోతు నీళ్ళలో నిలబడి పక్కింటివాణ్ణి కేకేసినట్టు ఉంటుంది. ఏ ఊరికి పోవాలనుకున్నాడో, అక్కడా నీళ్ళేనని ఎలా తెలిసిందో ఊళ్ళ పేర్లతో సహా చెప్తాడు. అదే ఏడాది మెంఫిస్ మిన్నీ, కాన్సాస్ జో మకాయ్ చేసిన 'వెన్ ద లెవీ బ్రేక్స్' పాటని 1971లో లెడ్ జెపెలిన్ తీసుకుని ప్రపంచమంతా వినిపించింది. వరద తర్వాత చాలామంది ఉత్తరానికి, షికాగో లాంటి ఊళ్ళకి తరలిపోయారు. బ్లూస్ వాళ్ళతోపాటే వెళ్ళి అక్కడ కరెంటు గిటారు పట్టుకుంది.

ఈ కథ మీద బిల్ మారిసన్ అనే దర్శకుడు 'ద గ్రేట్ ఫ్లడ్' అని ఒక సినిమా చేశాడు. మాటలుండవు. పాత ఫిల్ము ముక్కలే సినిమా. సంగీతం ఫ్రిజెల్‌ది. 2011 వసంతంలో ఫ్రిజెల్, అతని బృందం, మారిసన్ కలిసి నది పొడవునా ప్రయాణం చేశారు. ఆ ఏడూ మిసిసిపికి పెద్ద వరదే వచ్చింది. సినిమాలో ఫిల్ము చాలాచోట్ల పాడైపోయి ఉంటుంది. రసాయనం కరిగి, బుడగలు లేచి, మనుషుల మొహాల మీదకి మరకలు పాకుతుంటాయి. ఇళ్ళని నీళ్ళు తినేస్తున్న బొమ్మల్ని కాలం తినేస్తుంటుంది. 'వాలెంటైన్'లో 'లెవీస్' వింటే నాకు ఆ సినిమా నీడ కనపడుతుంది. నెమ్మదైన బ్లూస్. తొందర లేదు, కేక లేదు. గిటారు ఒక మాట అని ఆగుతుంది. అదే మాట మళ్ళీ అంటుంది.

"ఎంత అందంగా ఉందో!" రెండు గీతలు.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. మా ఇల్లు విజయవాడ సింగ్‌నగర్‌లో, నాన్న ఆర్టీసీలో మెకానిక్‌గా ఉన్నప్పుడు కట్టుకున్నది. కింద మేం, పైన ఒక గది, దాని మీద డాబా. శనివారమంతా వాన. పొద్దున్న అమ్మ ఫోన్ చేసి "వీధిలోకి నీళ్ళొచ్చాయిరా, మామూలేలే" అంది. గంట తర్వాత "వరండాలోకొచ్చాయి" అంది. ఆ తర్వాత చేసింది నాన్న. "బుడమేరుకి గండి పడిందంట. మేం పైకెళ్తున్నాం. ఛార్జింగ్ లేదు, పెట్టేస్తున్నా." అంతే. మూడు రోజులపాటు మళ్ళీ ఆ ఫోన్ మోగలేదు.

బయల్దేరుదామంటే దారి లేదు. హైవే మీద నందిగామ దగ్గర నీళ్ళు. మహబూబాబాద్ జిల్లాలో పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్ళు ఆగిపోయాయి. రెండో తారీఖున ప్రకాశం బారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులని టీవీలో చూపిస్తున్నారు. అంతకుముందెన్నడూ అంత రాలేదట. ఆ అంకెని నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు, అందులో మా డాబా ఎక్కడో ఉన్నట్టు. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర పడవలు, పాల ప్యాకెట్లు, పిల్లల్ని భుజాలకెత్తుకున్న మనుషులు. వీడియోల్ని ఆపి, పెద్దవి చేసి, నాన్న తెల్ల బనీను కోసం వెతికేవాణ్ణి.

నేను చేరేటప్పటికి వాళ్ళు బాగానే ఉన్నారు. పక్కింటి డాబా మీద నుంచి వీళ్ళ డాబా మీదకి ఎవరో నీళ్ళ సీసాలు, బ్రెడ్డు విసిరారట. కింద ఇంట్లో మాత్రం ఏమీ మిగల్లేదు. గోడల మీద నా ఛాతీ ఎత్తున ఒక గీత, దాని కిందంతా బురద. అమ్మ కుట్టుమిషను, బియ్యం డ్రమ్ము, పెళ్ళి ఫొటోలున్న పెట్టె, ఫ్రిజ్ వెల్లకిలా. నాన్న క్యాసెట్లు అట్టపెట్టెతో సహా నాని ముద్దయిపోయాయి. ఘంటసాల, పి. సుశీల, హరికథలు, నా చిన్నప్పుడు నేను పద్యం అప్పజెప్తుంటే ఆయన టేప్‌రికార్డర్‌లో పట్టిన క్యాసెట్ ఒకటి. అన్నీ కలిపి నూటయాభై దాకా ఉండేవి.

నీళ్ళు పోయాక చుట్టాలు, తెలిసినవాళ్ళు పరామర్శకి రావడం మొదలుపెట్టారు. "ఇన్సూరెన్సు చేయించలేదా?" అని ఒకరు. "అసలా ఏరియాలో కొనడమే తప్పు బావా" అని ఇంకొకరు. గోడ మీద గీత దగ్గర నిలబడి ఫొటో తీసుకున్న కుర్రాడొకడు. అందరూ మంచివాళ్ళే, అందరూ ఏదో ఒకటి తెచ్చారు. అమ్మ అందరికీ మొదట్నుంచీ కథ చెప్పేది. చెప్పిన ప్రతిసారీ కొంచెం చిన్నదయ్యేది కథ. నాన్న ఏమీ మాట్లాడేవాడు కాదు, చీపురు పట్టుకుని బురదని బయటికి తోస్తూనే ఉండేవాడు.

నాలుగో రోజో ఐదో రోజో, నాన్నతో డిపోలో పనిచేసినాయన ఒకరు మోపెడ్ మీద వచ్చారు. "ఏం మావా" అన్నారు. నాన్న "రా" అన్నాడు. ఇద్దరూ డాబా ఎక్కారు. అక్కడ నాన్న క్యాసెట్లన్నీ కడిగి పాత చీర మీద ఎండబెట్టి ఉంచాడు. పనికిరావని ఆయనకీ తెలుసు, ముప్ఫై ఏళ్ళు ఇంజన్లు విప్పిన మనిషి. వచ్చినాయన కాసేపు చూసి, జేబులోంచి బాల్‌పెన్ తీసి, ఒక క్యాసెట్ చక్రంలో దూర్చి, బయటికి వచ్చిన రీలుని మెల్లగా లోపలికి చుట్టడం మొదలుపెట్టారు. నాన్నా ఇంకో క్యాసెట్ తీసుకున్నాడు. నేను కింద నుంచి పెన్సిలు వెతికి తెచ్చుకుని పక్కన కూర్చున్నాను. గంటన్నర. ఒక్క మాట లేదు. మధ్యలో ఒకసారి ఎవరి రీలో తెగింది. ముగ్గురం చూశాం, మళ్ళీ పనిలో పడ్డాం. వెళ్ళేటప్పుడు ఆయన "వస్తా మావా" అన్నారు. ఆ సాయంత్రమే మొదటిసారి నాన్న కూర్చుని అన్నం తిన్నాడు.

హైదరాబాద్ వచ్చాక చాలా రోజులు 'లెవీస్' వినలేకపోయాను. ఒకసారి ప్లేలిస్టులో దానంతటదే వచ్చింది. బస్సులో ఉన్నాను. తీసేశాను. కోపం వచ్చింది. మొదట నా మీద, ఆ రెండు గీతల మీద. ఛాతీ ఎత్తు బురదని "ఎంత అందంగా ఉందో" అని ఎవడైనా అంటే నేనేం చేస్తాను? తర్వాత ఫ్రిజెల్ మీద. డెన్వర్‌లో పెరిగిన తెల్లాయన. గ్రీన్‌విల్ కట్ట మీద తుపాకుల మధ్య ఉండిపోయినవాళ్ళ బ్లూస్ తీసుకుని, అందులోంచి ఊళ్ళ పేర్లు, గొంతు, కేక, కోపం అన్నీ తీసేసి, ఇంత మెత్తగా వాయించే హక్కు ఎక్కడిది? ప్యాటన్ పేర్లు చెప్పాడు. పేర్లు చెప్పడం సాక్ష్యం. మాటలు తీసేశాక సాక్ష్యం మిగులుతుందా? ఖరీదైన హెడ్‌ఫోన్లలో మేడమీది గదిలో వినే నాలాంటివాడికి వరద కూడా ఒక మూడ్ అయిపోదా?

ఈ అనుమానం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ఇప్పటికీ నాకు పూర్తిగా తీరలేదు. 'లెవీస్' వినాలనుకునేవాళ్ళకి నేను ముందు చార్లీ ప్యాటన్‌ని వినమనే చెప్తాను. గరగరలాడే ఆ పాత రికార్డులో సగం మాటలు అర్థం కావు, అయినా వినాలి. ఆ క్రమం తప్పితే ఈ పాటకి అర్థం లేదు. ప్యాటన్‌ని చెరిపేసి ఆ చోట్లో కూర్చుంటే ఫ్రిజెల్‌ది దొంగతనమే.

కానీ డిసెంబర్‌లో ఒక రాత్రి మళ్ళీ పెట్టుకుని, ఈసారి గిటారు కోసం కాకుండా మిగతా ఇద్దరి కోసం విన్నాను. గిటారు ఒక మాట అని ఆగినప్పుడు వాళ్ళేం చేస్తున్నారా అని. ఏమీ చెయ్యట్లేదు. చెయ్యట్లేదంటే, వదిలేసి వెళ్ళట్లేదు కూడా. రాయ్‌స్టన్ తాళానికి లెక్క చెప్పడు, ఊరికే ఉన్నానని చెప్తాడు. మోర్గన్ అడుగున ఒక స్వరం పట్టుకుని, అది పూర్తిగా ఆరిపోయేదాకా ఇంకోటి వెయ్యడు. ఆ మాట మళ్ళీ వచ్చినప్పుడు ఎవరూ "ఇందాకే అన్నావుగా" అనరు. మా అమ్మ కథ చెప్పిన ప్రతిసారీ ఎందుకు చిన్నదయిందో అప్పుడు తట్టింది. వినేవాళ్ళు మధ్యలో తమ మాట పెడుతున్నారు. డాబా మీద ఆయన పెట్టలేదు. బాల్‌పెన్ తీశారు.

పరామర్శ సాక్ష్యం కాదు. పరామర్శకి వచ్చినవాడు మునిగినవాడు కాదు, మునిగానని చెప్పుకునే హక్కు అతనికి లేదు. అతని పని వచ్చి కూర్చోవడం, లేచి వెళ్ళడం. మధ్యలో చేతులకి ఏదైనా పని ఉంటే మంచిది. ఫ్రిజెల్ మాటల్ని తీసేశాడని నాకు కోపం వచ్చింది. ఆ మాటలు అతనివి కావు గనక తీసేశాడేమో. అలాంటి పాటల్ని తన గొంతుతో పాడి, అరువు తెచ్చుకున్న యాసలో కేకలు పెట్టినవాళ్ళు అమెరికాలో, ఇంగ్లండులో బోలెడంతమంది ఉన్నారు. ఇతను వరసని మాత్రం పట్టుకుని, తడిసిన రీలుని చుట్టినట్టు, తెగకుండా చుడుతున్నాడు. అది మళ్ళీ మోగుతుందని కాదు.

ఆల్బం చివరి పాట 'వుయ్ షల్ ఓవర్‌కమ్'. నల్లజాతి చర్చిల్లో పుట్టి, 1945లో సౌత్ కరొలైనాలో పొగాకు ఫ్యాక్టరీ కార్మికుల సమ్మెలో నలిగి, టెనెసీలోని హైలాండర్ ఫోక్ స్కూల్ మీదుగా పీట్ సీగర్ లాంటివాళ్ళకి చేరి, అరవైల్లో పౌరహక్కుల ఉద్యమానికి జెండా అయిన పాట. హిందీలో గిరిజా కుమార్ మాథుర్ మాటలతో మన స్కూళ్ళలోకి వచ్చిందీ ఇదే. ఫ్రిజెల్ ట్రియో ఆల్బం రికార్డు చేసుకునేనాటికి కోవిడ్ లేదు, మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ బతికే ఉన్నాడు. ఆల్బం బయటికొచ్చేనాటికి ఆయన చనిపోయి మూడు నెలలు కావస్తోంది, అమెరికా రోడ్లన్నీ జనంతో నిండి ఉన్నాయి. అంత బరువైన సమయంలోకి వచ్చిన ఈ పాటలో వీళ్ళు చేసింది దాదాపు ఏమీ లేదు. వరస ఉన్నదున్నట్టు వాయించారు. విన్యాసాలు లేవు, పెద్ద సోలో లేదు. ఎవరైనా కలిసి పాడతారేమో అని చోటు వదిలినట్టు ఉంటుంది.

సంక్రాంతికి ఇంటికెళ్ళాను. గోడలకి కొత్త రంగు వేశారు. గీత కనపడదు, కానీ అదెక్కడుందో ముగ్గురికీ తెలుసు. డాబా మీద అమ్మ వడియాలు పెడుతోంది. నాన్న పేపరు చదువుకుంటున్నాడు. ఫోన్లో చివరి పాట పెట్టాను, ఏమీ చెప్పకుండా. కాసేపటికి అమ్మ చెయ్యాగింది.

"ఒరేయ్, ఇది మీ స్కూలు పాట కదూ? పదిహేనాగస్టుకి పాడేవాళ్ళు."

"అదే."

"మాటల్లేవేంట్రా మరి? పాడేవాడికి గొంతు పోయిందా?"

"పాడేవాడు లేడమ్మా. ఊరికే వాయిస్తున్నారు."

అమ్మ పిండి చేత్తోనే గాల్లో తాళం వేస్తూ, హిందీ మాటలు సగం వచ్చీ రాక, తనే ఎత్తుకుంది. నాన్న పేపరు దించలేదు. రెండో చరణం దగ్గర పేపరు వెనక నుంచి సన్నగా ఇంకో గొంతు కలిసింది.

పాటయ్యాక నాన్న "అయిపోయిందా?" అన్నాడు.

"అయిపోయింది."

"దీనికి ముందు ఇంకేవో ఉంటాయిగా. మొదట్నుంచి పెట్టు."

పెట్టాను. 'బాబా ద్రామే' అయింది. ఇంకో రెండు పాటలయ్యాక 'లెవీస్' వచ్చింది. దాని పేరు వాళ్ళకి చెప్పలేదు. అమ్మ వడియాలు పెడుతూనే ఉంది. నాన్న పేజీ తిప్పాడు. ఆ నోట్‌బుక్కులో రెండు గీతలూ ఇప్పటికీ అలాగే ఉన్నాయి. కొట్టెయ్యలేదు. వాటి పక్కన చిన్నగా "గ్రీన్‌విల్, సింగ్‌నగర్" అని రాసుకున్నాను.